మెడవలస సన్నెమ్మ కేక

ఆ పళ్ళెం అక్కడ పెట్టకండమ్మా, తీసెయ్యండి. ఇవాళ నాకొద్దు. ఎందుకొద్దో కథ అయ్యాక మీకే తెలుస్తుంది. వేరుశనగ కాయలు ఒలిచేవాళ్ళు ఒలుస్తూనే ఉండండి. చేతుల పని చేతులది, చెవుల పని చెవులది. కానీ ఊఁ మాత్రం కొట్టాలి. ఊఁ కొట్టకపోతే నా నోట్లోంచి ముక్క ఊడిపడదు.

అనగా అనగా ఒక కొండ. ఆ కొండకి ఒక మెడ. ఆ మెడ కింద ఒక ఊరు. ఊఁ అనండి. ఆఁ, అదీ.

మీ తాతల తాతలు కూడా పుట్టని రోజులు. రైలు లేదు, బస్సు లేదు. సముద్రం దగ్గర ఉప్పు పండేది. కొండల పైన పసుపు పండేది. కిందవాళ్ళకి పసుపు కావాలి, పైవాళ్ళకి ఉప్పు కావాలి. మధ్యలో కొండ. ఎద్దు వీపు మీద చెరోపక్క గోనె వేలాడదీసి, ఎద్దు వెనక ఎద్దుని వరసగా తోలుకుంటూ కొండ దాటేవాళ్ళు. దాన్ని బిడారు అనేవాళ్ళు. కిందినుంచి ఉప్పు బిడారు, పైనుంచి పసుపు బిడారు.

ఆ దారిలో ఊరు మెడవలస. ఊరు దాటగానే దారి సన్నబడిపోతుంది. ఒకపక్క నిట్టనిలువునా రాయి. రెండోపక్క లోయ. ఒక్క ఎద్దు పడుతుంది, రెండో ఎద్దు పట్టదు. ఆ సన్నదారినే మెడ అన్నారు. రెండు బిడార్లు మెడ మీద ఎదురుపడ్డాయా, ఇక చూసుకోండి. ఎద్దు బెదురుతుంది. వెనకెద్దు ముందెద్దుని నెడుతుంది. తర్వాత లోయలోకి తొంగి చూసి ఏడవడమే.

మార్గశిరం వస్తే అక్కడ మంచు దిగుతుంది. చాచిన చెయ్యి కనబడదు. ఎద్దు మెడలో గంట మోగుతుంటే, మలుపు తిరిగేసరికి వినబడదు. అలాంటి మంచులోనే సన్నెమ్మ మొగుడు పోయాడు. ఎద్దులు తోలుకునే మనిషి. ఎదురొచ్చిన ఎద్దు నెట్టేసింది. అప్పటికి సన్నెమ్మ చంకలో ఏడాది నిండని ఆడపిల్ల. పేరు నూకాలి.

ఊరు ఏం చేసింది? మూడు రోజులు అయ్యో అంది. నాలుగో రోజు మర్చిపోయింది. ఊరంటే అంతేనమ్మా, నాకేం కొత్త కాదు.

సన్నెమ్మ మాత్రం మర్చిపోలేదు. పిల్లని వీపున కట్టుకుని మెడ సగం దాకా ఎక్కింది. అక్కడ మలుపులో ఒక రాయి ఉంది. రాయి మీద నిలబడితే కిందినుంచి ఎక్కే గంటలూ వినబడతాయి, పైనుంచి దిగే గంటలూ వినబడతాయి. ఒక బిడారు మెడ మీదికి వచ్చిందనుకోండి, రెండోవైపుకి తిరిగి కేకేసేది. మాటలు కాదు. మాటలు మంచులో చెదిరిపోతాయి. ఒట్టి కేక.

"ఓహో... ఓహో... ఓహో..."

మూడు కేకలు. రెండోవైపు వాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయేవాళ్ళు. మెడ ఖాళీగా ఉంటే సన్నెమ్మ నోరు మెదిపేది కాదు. కేక వినబడితే ఆగాలి. కేక లేకపోతే నడవాలి. ఆ దారిన తిరిగే ప్రతి ఎద్దుల మనిషికీ ఇది తెలుసు. చెప్పాలంటే ఎద్దులకి కూడా తెలుసు. తెలియనిది ఒక్క మెడవలస వాళ్ళకే. గుర్తుపెట్టుకోండి ఈ మాట.

పదిహేడేళ్ళు నిలబడింది ఆ రాయి మీద. మనిషి చూస్తే పుల్ల. గొంతు మాత్రం కొండకి ఈ చివర వేస్తే ఆ చివర పలికేది. పదిహేడేళ్ళలో ఒక్క ఎద్దు పడలేదు, ఒక్క మనిషి పడలేదు. వెళ్ళే ప్రతి బిడారూ రాయి మీద ఆవిడకి పిడికెడు ఉప్పో, పిడికెడు పసుపో పెట్టి పోయేది. అదే ఆవిడ బతుకు. ఉప్పు బిడారు పెద్ద దాలయ్య అయితే సొంత అక్కకి పెట్టినట్టు ఒంగి దణ్ణం పెట్టి మరీ పెట్టేవాడు.

"అప్పా, నీ గొంతు చల్లగుండాల," అనేవాడు.

"నా గొంతుకేటయింది తమ్ముడా, నీ ఎద్దుల్ని చూసుకో," అనేది.

ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆవిణ్ణి కేకలమ్మ అని వెక్కిరించేవాళ్ళు. పెళ్ళికి పిలిచేవాళ్ళు కాదు, పేరంటానికి పిలిచేవాళ్ళు కాదు. ఆవిడ గుడిసె ఊరి చివర. పొయ్యిలోకి నిప్పు మాత్రం ఊళ్ళోకి వచ్చి అడిగి తెచ్చుకునేది. ఊఁ కొట్టండి, నిద్దరోతున్నారా?

నూకాలి పెద్దదైంది. కొండ అవతల పసుపు పండించే ఊళ్ళో ఇచ్చింది సన్నెమ్మ. బంగారంలాంటి అల్లుడు. ఏడాది తిరిగేసరికి కబురొచ్చింది, నూకాలికి నెలలు నిండుతున్నాయని. తొలికాన్పు పుట్టింట్లోనే కదా! పసుపు బిడారుతో పంపిస్తాం, కార్తీకం వెళ్ళాక ఇవాళో రేపో దిగుతుంది అన్నారు. సన్నెమ్మ కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. గుడిసె అలికింది. నులకమంచం బిగించింది. దాచిన పసుపంతా దంచి పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఊరికి దిక్కుమాలిన బుద్ధి పుట్టింది.

ఊరి పెద్ద కూర్మినాయుడు. పెద్ద తలపాగా, దాని కింద చిన్న తల. ఊరందర్నీ కూర్చోబెట్టి ఇలా అన్నాడు:

"మన ఊరి మీదుగా ఇన్ని బిడార్లు పోతున్నాయి కదా, మనకేటి మిగులుతోంది? ఒక్కడాగుతున్నాడా? మంచు కమ్మినా ఆగడు. ఎందుకాగడు? ఆ కేకలమ్మ పైనుండి కేకేసి రమ్మంటోంది, వీళ్ళు పోతున్నారు. కేక లేదనుకోండి, మంచులో ఎవడు పోతాడు? బయపడి ఇక్కడే పడుంటాడు. గడ్డి కొంటాడు, బియ్యం కొంటాడు, కోడి కొంటాడు."

ఊరంతా ఆహా అంది. చూశారా వాళ్ళ తెలివి! వాళ్ళు పదిహేడేళ్ళుగా ఏం విన్నారు? పైనుంచి కేక వినబడుతుంది, కాసేపటికి పైనుంచి బిడారు దిగుతుంది. కేకేసింది కాబట్టి బిడారు వచ్చిందనుకున్నారు. బిడారు వస్తోంది కాబట్టి కిందివాళ్ళని ఆపడానికి కేకేసిందని ఒక్కడికీ తట్టలేదు. మెడవలస వాళ్ళు ఎద్దులు తోలరు, మెడ ఎక్కరు. ఎక్కేవాళ్ళకి ఏం అమ్ముకుందామా అనేదే వాళ్ళ ధ్యాస. పోనీ ఆవిణ్ణి అడగొచ్చుగా? పదిహేడేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సన్నెమ్మని పిలిపించారు. దూరంగా నిలబెట్టారు.

"ఇకమీద మెడెక్కకూడదు. కేకెయ్యకూడదు. బిడారు వాళ్ళతో ఈ సంగతి అనకూడదు," అన్నాడు నాయుడు.

"నాయుడుబాబూ, నా కేక రమ్మని కాదు..." అంది సన్నెమ్మ.

"నోరు ముయ్యి," అన్నాడు.

"బాబూ, ఒక్క మాట ఇను. కేక లేకపోతే ఆళ్ళు..."

"నోరు ముయ్యమన్నానా?"

"కాదు బాబూ, ఆగరు బాబూ, ఆళ్ళు నడిచి..."

"ఒసే! మీ గుంట పురిటికి వస్తోందట కదా," అన్నాడు నాయుడు. "మాట ఇన్నావా, మా మంత్రసానే వచ్చి పురుడు పోస్తాది. ఇన్లేదా, దానికి ఊళ్ళో చోటు లేదు. నిప్పు లేదు, నీళ్ళు లేవు, మంత్రసాని లేదు. నిండు మనిషిని మంచులో నిలబెడతావో, నోరు మూసుకుంటావో నీ ఇష్టం."

మూడుసార్లు నోరు తెరిచింది, మూడుసార్లూ మూయించారు. నాలుగోసారి తెరవలేదు. కూతురు కళ్ళల్లో మెదిలింది. తలొంచుకుని వెళ్ళిపోయింది.

కార్తీక అమావాస్య వెళ్ళింది. మర్నాడే మంచు దిగింది. మొదటి రోజు ఏ బిడారూ రాలేదు. రెండో రోజూ రాలేదు. ఊళ్ళో పాకలు ఊడ్చి, గడ్డి మోపులు పేర్చి, కోళ్ళని గంపల కింద పెట్టి ఎదురు చూస్తున్నారు. సన్నెమ్మ గుమ్మంలో కూర్చుని మెడ వైపే చూస్తోంది. అటు మంచు తప్ప ఇంకేం లేదు.

మూడో రోజు పొద్దున్నే గంటలు వినబడ్డాయి. కిందినుంచి దాలయ్య ఉప్పు బిడారు.

నాయుడు ఎదురెళ్ళాడు, నవ్వు మొహం పెట్టుకుని. "దాలయ్యా, ఇయ్యాల ఆగిపోండి. మెడ మీద కేక లేదు. మంచు ఇడిందాకా మా ఊళ్ళోనే ఉండండి, అన్నీ సిద్దంగా ఉన్నాయి."

దాలయ్య చెవి ఒగ్గి విన్నాడు. కేక లేదు. పకపకా నవ్వాడు.

"కేక లేకపోతే దారి కాళీగా ఉన్నట్టే కదా నాయుడూ! ఆగడమెందుకూ? హెయ్, హెయ్!" అని ఎద్దుల్ని అదిలించాడు.

నాయుడి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆగుతారనుకున్నవాళ్ళు ఆగకుండా పోతున్నారేటి?

ఊరి చివర గుడిసె ముందు దాలయ్య ఆగాడు. గుమ్మంలో సన్నెమ్మ. అతనికి ఆశ్చర్యం వేసింది.

"అప్పా! నువ్విక్కడున్నావేటి? మరి మెడ మీద ఎవరున్నారు?"

సన్నెమ్మ నోరు తెరిచింది. దాలయ్య వెనక నాయుడు నిలబడి ఉన్నాడు. మంత్రసాని ఇంటివైపు చూపుడు వేలు పెట్టి ఉన్నాడు. సన్నెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒంట్లో బాగోలేదేమో, ఇంకెవర్నో నిలబెట్టి ఉంటుంది అనుకున్నాడు దాలయ్య. గడప మీద పిడికెడు ఉప్పు పెట్టాడు. దణ్ణం పెట్టాడు. వెళ్ళాడు.

అప్పుడు చెప్పేయాల్సింది అంటారా? చెప్పేయాల్సిందే. నేనూ అదే అంటాను. కానీ నిండు గర్భిణి కూతుర్ని మంచులో నిలబెడతానన్నప్పుడు మీ నోరు ఎంత తెరుచుకునేదో కూడా చూడాలి కదా. ఆవిణ్ణి ఏమీ అనకండి, అనాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

ఒక్కో ఎద్దూ గుడిసె ముందునుంచి పోతోంది. పది పోయాయి, ఇరవై పోయాయి, ఆఖరి ఎద్దూ పోయింది. గంటలు మంచులో కలిసిపోయాయి. సన్నెమ్మ గడప మీది ఉప్పు చూసింది. పైనుంచి ఎవరైనా దిగుతుంటే? వాళ్ళకీ కేక వినబడదు. కేక లేదు కదా అని వాళ్ళూ నడుస్తారు. ఇవాళో రేపో అన్నారు. ఇవాళే అయితే?

కొంగు తీసి పారేసి లేచింది.

"సన్నెమ్మా!" అని నాయుడు అరిచాడు. "అడుగు పెట్టావో, నీ కూతురికి ఊళ్ళో చోటు లేదు!"

"కూతురు బతికుంటే కదా బాబూ, చోటు సంగతి!" అంది.

అదే ఆవిడ ఊరితో అన్న ఆఖరి మాట.

బిడారు వెనక వెళ్తే అందుకోలేదు. కొండకి అడ్డంగా మేకలెక్కే బాట ఉంది. దాన్ని పట్టుకుని ఎక్కింది. రాళ్ళు జారాయి, మోకాళ్ళు చీరుకుపోయాయి. పాక్కుంటూ పాక్కుంటూ మలుపులో రాయి దగ్గరికి చేరింది. చెవి పెట్టింది. కిందినుంచి గంటలు. పైనుంచీ గంటలు. పైవి మరీ దగ్గర.

మొదటి కేక వేసింది. ఊపిరందక గొంతు దాటి రాలేదు.

రెండో కేక కిందివైపు వేసింది. "ఓహో..." అది రావాల్సినట్టు వచ్చింది. కింద దాలయ్య విన్నాడు. ముందెద్దు ముక్కుతాడు పట్టి లాగాడు. ఉప్పు బిడారు ఆగిపోయింది.

మూడో కేక పైవైపు. ఓహో అని పైవాళ్ళు విన్నారు. ఆపబోయారు. కానీ వాళ్ళది దిగుడు. మంచుకి రాయి తడిసి ఉంది. ముందెద్దు కాళ్ళు నిలదొక్కుకోలేక జారుతూ వస్తోంది. అది ఆగకపోతే మలుపు తిరుగుతుంది, తిరిగితే వెనకవన్నీ దాని మీద పడతాయి. సన్నెమ్మ కేక ఆపకుండానే రాయి దిగి దారికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ చాపి కొమ్ములు పట్టుకుంది. ఎద్దు ఆగింది. దాని వీపు మీది పసుపు గోనె మాత్రం ఊగి వచ్చి ఆవిణ్ణి లోయలోకి కొట్టేసింది.

మూడో కేక సగంలోనే తెగిపోయింది.

ఆ వరసలో మూడో ఎద్దు పక్కన, అల్లుడి చెయ్యి పట్టుకుని నూకాలి ఉంది. కేక వినగానే "మా అమ్మ!" అని నవ్విందట. కేక తెగిపోయాక ఇంకా నవ్వుతూనే ఉందట, మళ్ళీ వేస్తుందని.

దాలయ్య బిడారు వెనక్కి పోతే తప్ప పసుపు బిడారు దిగడానికి లేదు. ఎద్దుని తిప్పడానికి చోటు లేదు. బరువుతో వెనక్కి నడవలేదు. ఉప్పు గోనెలు కోసి లోయలోకి వదిలేశారు. ఒకటి కాదు, రెండు కాదు, బిడారు బిడారంతా. పదిహేడేళ్ళు పిడికెడు పిడికెడు పెట్టారు ఆవిడకి. ఆ రోజు మొత్తం పెట్టేశారు.

నూకాలికి అక్కడే నొప్పులొచ్చాయి. ఊరి చివరికి దింపారు. నాయుడు చేతులు నలుపుకుంటూ వచ్చి "లోపలికి తీసుకురండి," అన్నాడు. నూకాలి ఊళ్ళోకి రానంది. తల్లి గుడిసెలోకి కూడా రానంది. అదీ ఈ ఊరిదే కదా అంది. దాలయ్య మనుషులు కంబళ్ళు కట్టి మొహాలు అటు తిప్పుకుని నిలబడ్డారు. మంత్రసాని ఎవర్నీ అడక్కుండా పరిగెత్తుకొచ్చింది. ఆకాశం కింద, మంచులో ఆడపిల్ల పుట్టింది. ముందు ఏడవలేదు. మంత్రసాని వీపు మీద మూడు దెబ్బలు వేశాక, చూడండి, కొండ మారుమోగేలా కేక పెట్టింది.

మూడో నాటికి నాయుడు మళ్ళీ తయారు. సిగ్గు అనేది కొందరికి పుట్టుకతో రాదు.

"సన్నెమ్మ మా ఊరి దేవత. మలుపులో గుడి కడతాం. దారినపోయే ప్రతివాడూ ఆగి మొక్కుకునేలా చేస్తాం," అన్నాడు.

నూకాలి పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని విన్నది. ఏడవలేదు. అప్పటికి ఏడుపు అయిపోయింది.

"మా అమ్మకి గుడొద్దు," అంది. "మూడుసార్లు మాటాడబోతే మూడుసార్లు నోరు మూయించారట. ఇకనుంచి మీరు అరవండి. ఏటా ఈ రోజున ఊరంతా మెడెక్కండి. మూడు కేకలెయ్యండి. మెడ మీద నడిచే బాటసారి ఎవరో ఒకరు తిరిగి పలికిందాకా ఆ రోజు అన్నం ముట్టకండి. అరిచి అరిచి ఎవరూ ఇనకపోతే ఎలాగుంటాదో తెలియాల మీకు."

దాలయ్య సాక్షిగా నిలబడ్డాడు. ఊరు ఒప్పుకుంది. సిగ్గుపడి అనుకున్నారా? బిడార్లు రావడం మానేస్తాయన్న భయంతో ఒప్పుకుంది. నూకాలి పిల్లని ఎత్తుకుని కొండెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ మెడ దిగలేదు.

మొదటి ఏడు ఊరంతా మెడెక్కి కేకేసింది. దాలయ్య బిడారు పనిగట్టుకుని వచ్చి పలికింది. ఊరు అన్నం తింది.

రెండో ఏడు కేకేసింది. అప్పటికే బిడార్లు అవతలి కొండ మీదుగా వేరే దారి చూసుకున్నాయి. సన్నెమ్మ లేని మెడ మాకొద్దన్నాయి. దాలయ్య ఒక్కడే కర్ర పట్టుకుని వచ్చి సాయంత్రానికి పలికాడు. ఊరు అన్నం తింది.

మూడో ఏడు కేకేసింది. ఎవరూ పలకలేదు.

ఇప్పటికీ ఎవరూ పలకరు. గడ్డి కొనేవాడు లేడు, బియ్యం కొనేవాడు లేడు, కోడి కొనేవాడు లేడు. ఎవరు ఆగాలని అంత పని చేశారో, వాళ్ళు పూర్తిగా రావడమే మానేశారు. తర్వాత తారు రోడ్డు పడింది, అదీ అవతలి కొండ మీదే. మెడవలసలో ఇప్పుడు ముప్ఫై గడప. అయినా కార్తీక అమావాస్య వెళ్ళిన మూడో రోజు ముసలీ ముతకా అందరూ మెడెక్కుతారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి మూడేసి కేకలు వేస్తారు. చెవులు రిక్కించి నిలబడతారు. తర్వాత దిగి వచ్చి పస్తు పడుకుంటారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా పిలిస్తే పలక్కుండా కూర్చోరు. పిలిచిన మనిషి మెడ మీద నిలబడి ఉందేమో అంటారు.

ఇదంతా నీకెలా తెలుసే ముసలమ్మా అంటారేమో. కూర్మినాయుడు ఎవరనుకున్నారు? మా పుట్టింటి మూలపురుషుడే. ఆ తలపాగా గుడ్డ ముక్క మా చిన్నప్పటి దాకా మా ఇంట్లో పెట్టెలో ఉండేది. నన్ను మీ ఊరికి ఇచ్చి అరవయ్యేళ్ళయింది. ఎక్కడికిచ్చినా ఆ రోజు ఆ రోజే.

ఇవాళే ఆ రోజు. పళ్ళెం అందుకే తీసెయ్యమన్నాను.

ఏం చేస్తున్నారు, ఊఁ కొట్టరేం? మీరు నా వాళ్ళు, ఇంట్లో కూర్చున్నవాళ్ళు. మీరు పలికితే లెక్కలోకి రాదు, నాకు తెలుసు. అయినా సరే, ఒక్కసారి గట్టిగా అనండి. అక్కడ ఈపాటికి ఆఖరి కేక వేస్తుంటారు.